తలకాడ పెట్టిన కాలు

ఆరోగ్యమేరి ఆ తోలు పట్టీని కళ్ళతో చూడటానికి ముందు ముక్కుతో చూసింది.

ప్లాస్టిక్ కవరు మూతి విప్పి, దగ్గరగా పట్టుకుని, నిదానంగా ఊపిరి పీల్చింది. టేబుల్ అవతల కూర్చున్న ఇన్‌స్పెక్టర్ గోకులకృష్ణన్ మొహం అదోలా పెట్టాడు. ఒక మనిషి గొంతుకు బిగుసుకుని ప్రాణం తీసిన వస్తువు అది. కొట్లో ఎండు మిరపకాయలు బేరం చేసినట్టు దాన్ని వాసన చూడటం ఆయనకు నచ్చలేదు. కవరులోంచి బయటికి తీయవద్దన్నాడు తమిళంలో. ఈమాత్రం చూడనివ్వడమే ఎక్కువని కూడా అన్నాడు.

అదీ నిజమే. ఆమె ఇప్పుడు పోలీసు కాదు. మహిళా స్టేషన్లో ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాక మదురైలో ఒక చిన్న గది తీసుకుంది. పోలీసులు మూసేసిన సంగతుల్ని తిరగదోడటమే వృత్తిగా పెట్టుకుంది. పాత శాఖవాళ్ళు ఆమెను ఎంత ప్రేమగా చూస్తారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ముద్దాయి తరపు వకీలు కోర్టులో పోట్లాడి అనుమతి తెచ్చాడు కాబట్టి ఈ ఒక్క పూట ఆమెకు జైల్లోకి దారి దొరికింది. సాయంత్రం ఖైదీలను లోపల పెట్టి తాళాలు వేసేలోపు ఆమె బయటికి పోవాలి.

ఆ జైలు పేరు రాయను. దిండిగల్‌కీ మదురైకీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. అలాంటి జైళ్ళు చాలా ఉన్నాయి, మెట్లన్నీ ఒకేలా ఉంటాయి.

జరిగింది ఇది. పోయిన వారం ఒక ఉదయం, మరుగుదొడ్లకు ఎక్కే మెట్ల కింద మాయాండి అనే యావజ్జీవ ఖైదీ చనిపోయి కనబడ్డాడు. అరవై దాటిన మనిషి. మెడకు తోలు పట్టీ బిగించి ఉంది. ఆ పట్టీ దొరసామి అనే రిమాండు ఖైదీ కృత్రిమ కాలిది. అన్నూరులో నూలు మిల్లు యంత్రంలో పడి దొరసామి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. వీధి కొట్లాట కేసులో జైలుకొచ్చాడు. పోలీసులు వచ్చి అడగ్గానే నేనే చంపానన్నాడు. అంతకంటే తేలికైన కేసు గోకులకృష్ణన్ ఉద్యోగంలో ఎప్పుడూ దొరకలేదు. రేపు పొద్దున దొరసామిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి ఆ మాటే నమోదు చేయించబోతున్నాడు. నమోదయ్యిందంటే ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. దొరసామి మిగిలిన బతుకంతా ఇక్కడే గడుస్తుంది.

నిలబెట్టి అని అలవాటు కొద్దీ రాశాను. దొరసామి నిలబడలేడు.

"డాక్టరేమన్నాడు?" అని అడిగింది ఆరోగ్యమేరి, కవరు మూస్తూ.

గోకులకృష్ణన్ దాచుకోలేదు. తల వెనక దెబ్బ ఉందట, పెనుగులాటలో తగిలి ఉంటుందట. చావుకు కారణం మాత్రం పట్టీయే. అది బిగించేటప్పటికి మాయాండి ఊపిరి తీస్తూనే ఉన్నాడని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"ఇది ఒంటిమీద ఉండిన తోలు కాదు, తంబీ," అంది ఆమె తెలుగులో. "మడతల్లో పచ్చగా బూజు పట్టి ఉండాది చూడు. రోజూ కట్టుకునే తోలు చెమట తాగతాది, ఆముదం తాగతాది. దానికి బూజు రాదు. ఇది చానా దినాలు చెమ్మలో పడుండింది."

గోకులకృష్ణన్ కోయంబత్తూరు వైపు మిల్లులూ తోటలూ ఉన్న నాయుళ్ళ ఇంటి మనిషి. ఇంట్లో తెలుగే. ఆఫీసులో మాత్రం తమిళం, పైవాళ్ళతో ఇంగ్లీషు. ఆరోగ్యమేరిదీ తెలుగే. దిండిగల్‌లో తోళ్ళు పదును చేసే కొట్టాల వెనక వీధిలో, చెప్పులు కుట్టే నాయన పక్కన కూర్చుని నేర్చుకున్న తెలుగు; గట్టిగా చెప్పేచోట తమిళంలోలాగే ‘దా’ చేరుతుంది, ‘అవును’ కాస్తా ‘ఆమా’ అవుతుంది. వందల ఏళ్ళ కిందట రెండిళ్ళవాళ్ళూ ఒకే దారిన దక్షిణానికి వచ్చి ఉంటారు. వచ్చాక ఒకే అరుగు మీద కూర్చున్నట్టు మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

"తోలు సంగతులు మీకు బాగా తెలుస్తాయి లెండి," అన్నాడు గోకులకృష్ణన్. ఈసారి తెలుగులోనే అన్నాడు.

ఆ మాటలో ముల్లు ఉంది. ఆమె అది గుచ్చుకోనట్టే తీసుకుంది. గుచ్చుకోలేదని కాదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటివి బోలెడు విన్నది, ఒక్కటీ మరిచిపోలేదు.

"తెలుస్తాయి. అందుకే దా చెప్తా ఉండాను," అంది.

ఆయన తన వాదన వివరించాడు. వికలాంగులైన ఖైదీల సాధనాలన్నీ వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్యాలని, అవి వాళ్ళ హక్కని రెండు నెలల కిందట కోర్టు ఉత్తర్వు వచ్చింది. జైలువాళ్ళు ఇచ్చేశామని జవాబు చెప్పారు. కాలు ఉంది కాబట్టి దొరసామి మెట్లదాకా నడిచాడు, పట్టీ ఉంది కాబట్టి బిగించాడు. కాలు రాకముందు దొరసామిని మోసుకు తిరిగింది ఆ మాయాండే. మోసినవాడికీ మోయించుకున్నవాడికీ మధ్య ఏదో తగువు. పోలీసులు వెళ్ళేటప్పటికి కాలు దొరసామి చాపకు తలవైపే పెట్టి ఉందని, తన కళ్ళతో చూశానని కూడా చెప్పాడు.

తలవైపు అన్న మాట దగ్గర ఆరోగ్యమేరి తలెత్తింది.

ఈ కేసు ఆమె దగ్గరికి తెచ్చింది దొరసామి భార్య పాండీశ్వరి. అన్నూరు నుంచి బస్సులు మారి మదురై వచ్చి, ఆ చిన్న గదిలో కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడే మాట్లాడింది. తన మొగుడు ఈగను కూడా కొట్టడని చెప్పలేదు. కోపిష్టే అని ఒప్పుకుంది. కాలు గురించి మాత్రం వివరంగా చెప్పింది. తోలు పనివాళ్ళ ఇంట్లో పుట్టినవాడు గనక కాలికి పట్టీ తానే కోసి కుట్టుకున్నాడట. ఆ కాలి పాదానికి బూటు బిగించేసి ఉంటుంది, ఊడదు. అందుకని ఇంటికి రాగానే అరుగు మీద కూర్చుని కాలు విప్పి, చెప్పుల పక్కన పెట్టి, గడప పట్టుకుని గెంతుతూ లోపలికి వచ్చేవాడట. చుట్టుపక్కలవాళ్ళు నవ్వినా మానలేదట.

"చెప్పు ఉండే కాలు కదక్కా, లోపలికి ఎట్ట తెచ్చేది?" అంది పాండీశ్వరి.

చెప్పులు కుట్టే ఇళ్ళలో అదొక పద్ధతి. కొత్త చెప్పు ఒళ్ళో ఉండవచ్చు, అన్నం పళ్ళేనికి పక్కనే ఉండవచ్చు. ఒకసారి మనిషి కాలు దూరిందా, అది గడప దాటి లోపలికి రాదు. ఆరోగ్యమేరి నాయన ఊరందరి చెప్పులూ కుట్టాడు, తన చెప్పులు మాత్రం చచ్చేదాకా వాకిట్లోనే విడిచాడు. ఇదంతా చట్టం పుస్తకాల్లో ఉండదు, పోలీసు శిక్షణలో చెప్పరు.

దొరసామిని ఇద్దరు ఖైదీలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. కుర్చీ కింద పెట్టేటప్పుడు అతను రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకున్న పద్ధతి చూస్తే, మోయించుకోవడానికి ఇంకా అలవాటు పడలేదనిపించింది. లేకపోతే ఒకే మనిషి వీపుకు అలవాటు పడ్డాడు. తలుపు దగ్గర అసిస్టెంట్ జైలర్ కదిరవన్ నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళవాడు, ఇస్త్రీ బట్టలు, నడుముకు తాళాల గుత్తి. దొరసామికి కాలు ఎందుకు తొడగలేదని ఆమె అడిగితే, పుండు పడింది, డాక్టరు వద్దన్నాడని మర్యాదగా జవాబిచ్చాడు. ఒక ఉద్యోగి వింటూ ఉండాలనేది షరతు. అయితే కదిరవన్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. అది ఆమెకు ఉపయోగపడింది.

ముందు పాండీశ్వరి బాగుందని చెప్పింది. తర్వాత దొరసామి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది, పెద్ద అక్క తీసుకున్నట్టు. అరచేయి కింది భాగం, మణికట్టుకు దగ్గరగా, కాయలు కాసి గట్టిపడి ఉంది. వేళ్ళ మొదట్లో ఏమీ లేదు. మిల్లు పనివాడి చెయ్యి అలా ఉండదు. పంచె తప్పుకున్న చోట కుడి మోకాలి మీద కూడా అలాంటి నల్లటి కాయే ఉంది. ఈ మనిషి చాలాకాలంగా నేలమీద పాకుతున్నాడు.

"దొరసామీ, మాయాండిని నువ్వు దా సంపితివా?"

"ఆమక్కా. నేనే సంపితిని."

"దేంతో?"

"ఈ చేతుల్తో దా."

అతను చేతులు చూసుకున్నాడు. అబద్ధం చెప్పేవాడు ఎదుటివాళ్ళ మొహం చూస్తాడు. ఇతను చేతుల్నే చూస్తున్నాడు. ఇతను నిజమే చెబుతున్నాడు. కానీ పట్టీతో అనలేదు.

"కాలు నీ దగ్గిరే ఉండిందా?"

దొరసామి చూపు తలుపు వైపు పోయి వచ్చింది. "ఉండింది," అన్నాడు.

"పడుకునేటప్పుడు యాడ పెట్టుకుంటా ఉంటివి?"

"తలకాడ."

"తలకాడనా?"

"ఆమా. తలకాడ దా." ఈసారి గొంతు తగ్గింది. అన్నం తినే చోట చెయ్యరాని పని చేసి ఒప్పుకున్నవాడిలా తలవంచుకున్నాడు.

ఇంకేదో అడగబోయేంతలో గోకులకృష్ణన్ లోపలికి వచ్చి, ఇచ్చిన సమయం అయిపోయిందన్నాడు. ఆమె వాదించలేదు. అప్పటికే ఆమెకు కావలసింది సగం దొరికింది. ఆ మాట దొరసామిది కాదు, ఎవరో నేర్పింది. నేర్పినవాడికి ఆ కాలు ఆసుపత్రి వస్తువు, కళ్ళజోడు లాంటిది. పడుకునేటప్పుడు తల దగ్గరే పెట్టుకుంటారు కదా అనుకున్నాడు. దొరసామికి అది చెప్పు. చెప్పును తల దగ్గర పెట్టుకున్నానని ఒప్పుకోవడం అతనికి హత్య ఒప్పుకోవడం కంటే కష్టంగా ఉంది.

జైలు సూపరింటెండెంట్ నరసింహన్ మంచివాడని ఆమె ముందే విన్నది. మంచివాళ్ళు పైఅధికారులైనప్పుడు కిందివాళ్ళ మాట నమ్ముతారు. ఆయన తేని జిల్లా వైపు తెలుగు కుటుంబంవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ఖైదీల వస్తువులుంచే స్టోరు గది చూడాలంటే కాదనలేదు, తన బీరువాలోంచి తాళంచెవి తీసుకుని తానే వెంట వచ్చాడు. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని దారిలో అడిగింది. స్టోరు బాధ్యత కదిరవన్‌ది, అతని దగ్గరే అన్నాడు.

దారిలోనే ఆ మెట్లు ఉన్నాయి. నిటారుగా, అంచులరిగి, పక్కనే నీళ్ళ తొట్టి ఉండటం వల్ల ఎప్పుడూ తడి. పట్టుకోవడానికి కమ్మీ లేదు. ర్యాంపు కట్టమని కూడా కోర్టు చెప్పింది కదా అంటే, కాంట్రాక్టరు ఇంకా రాలేదని నరసింహన్ చెప్పాడు. రెండు కాళ్ళూ సరిగా ఉన్న ఆరోగ్యమేరి ఆ మెట్లెక్కి దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఒంటికాలి మనిషి రోజూ పొద్దున్నే ఇక్కడికి రావాలి. దేశంలో అందరూ పొద్దున్నే చేసే పనికి ఇతను ఇంకొకరి వీపు అడగాలి. శిక్ష వేసేటప్పుడు ఏ న్యాయమూర్తీ ఇది రాయడు. దొరసామికైతే ఇంకా శిక్షే పడలేదు.

స్టోరు గది గోడ నీళ్ళ తొట్టికి ఆనుకుని ఉంది. తలుపు తీయగానే పట్టీకి ఉన్న వాసనే కొట్టింది. నరసింహన్‌కు అది వాసనలాగే తెలియలేదు, రోజూ పీల్చేవాడు. లోపల రాతి అరలు. ఒకప్పుడు ఇక్కడ చంకకర్రలు, నడవటానికి పట్టుకునే ఇనప చట్రం, ఒక చెవిమిషను, చూపులేని ఒక పెద్దాయన తెల్లకర్ర ఉండేవని, అన్నీ ఇచ్చేశామని ఆయన ఖాళీ అరలు చూపించాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది. తప్పేమీ లేదు, ఇప్పించినవాడు ఆయనే.

ఆరోగ్యమేరి ఫోను లైటు వేసి పై అర చూసింది. దుమ్ము దట్టంగా ఉంది. కర్రలున్న చోట పొడుగాటి గుర్తులు ఇంకా తెలుస్తున్నాయి, కానీ వాటిమీద మళ్ళీ దుమ్ము పడి సగం పూడిపోయాయి. రెండు నెలల దుమ్ము. మూలన గోడవైపు తిరిగి ఒక పాదం గుర్తు ఉంది. బూటు వేసుకున్న ఎడమ పాదం. దానిమీద దుమ్ము లేదు. రాయి నల్లగా, శుభ్రంగా, ఇప్పుడే తీసినట్టు ఉంది. పక్కన రెండో పాదం గుర్తు లేదు.

ఆమె పక్కకు జరిగి ఫోను నరసింహన్ చేతికిచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. ముందు ఏమీ అర్థం కానట్టు, తర్వాత అర్థమైనట్టు. కాలు లోపల ఉక్కు గొట్టం ఉంటుందని, అది ఆయుధం కింద లెక్కని, అది మాత్రం ఇవ్వొద్దని కదిరవన్ అప్పట్లో పట్టుబట్టాడట. తాను ఒప్పుకోలేదట. ఇచ్చేశానని కదిరవన్ చెప్తే నమ్మి, కోర్టుకు అదే తెలియజేశాడట.

"నేను కోర్టుకి అబద్ధం చెప్పినట్టయింది కదమ్మా," అన్నాడు, మెల్లగా.

ఆరోగ్యమేరికి ఆయన మీద జాలి కలిగింది. జాలి పడుతూనే లెక్క కూడా వేసింది. దొరసామి నిర్దోషి అని తేలాలంటే, అతని హక్కును ఈ జైలు తొక్కిపెట్టిందని జైలే ఒప్పుకోవాలి. ఉత్తర్వు పాటించామని వీళ్ళు గొప్పగా చెప్పుకున్న మాటే అతని మెడకు తాడయింది. కాలు ఇచ్చామంటే అతను హంతకుడు. ఇవ్వలేదంటే వీళ్ళు ముద్దాయిలు.

"మీరు ఇప్పుడు చెప్పేది నిజం అయితే చాలు సార్," అంది.

నరసింహన్ గదికి తిరిగి వచ్చేసరికి గోకులకృష్ణన్ వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. దొరసామిని పిలిపించి, చాప దగ్గర నుంచి తెచ్చి బీరువాలో ఉంచిన కాలు తెప్పించి, అందరి ముందూ తొడిగి చూడాలని ఆమె అంటే ఒంటికాలి మీద లేచాడు. ఇదేమీ చెప్పుల షాపు కాదన్నాడు. ముద్దాయి ఒప్పుకున్న కేసులో ప్రైవేటు మనుషుల పరీక్షలు కుదరవన్నాడు. దుమ్ము గుర్తుల సంగతి చెబితే, దుమ్ముని కోర్టులో ప్రవేశపెడతారా అని నవ్వాడు. మీరు రిటైరయ్యారు, ఇక విశ్రాంతి తీసుకోండని సలహా కూడా ఇచ్చాడు.

ఆమె అంతా విన్నది.

"రేపు మేజిస్ట్రేటు అమ్మ, కాలు తొడుక్కుని నడిచి చూపించు అని వాణ్ణి అడిగితే ఏమి చేస్తావు తంబీ?" అంది. "అప్పుడు దూరలేదనుకో, అందరి ముందూ పోయేది నీ పేరు. ఇప్పుడైతే ఈ గదిలోవాళ్ళమే."

గోకులకృష్ణన్‌కు పొగరుంది, తొందర ఉంది, పైకి పోవాలన్న ఆశ ఉంది. దొంగబుద్ధి మాత్రం లేదు. అది ఆరోగ్యమేరి ఆయన్ను చూసిన మొదటి గంటలోనే గమనించింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "సరి, తొడగండి," అన్నాడు.

మళ్ళీ ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. మోసుకొచ్చిన ఇద్దర్నీ బయటికి పంపేశారు. కాలు తొడగమని నరసింహన్ చెప్పగానే కదిరవన్ ముందుకొచ్చి దొరసామి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బూటు ఉన్న ఆ కాలిని పట్టుకుని, మోకాలి కింద మిగిలిన ముక్కను దాని గిన్నెలోకి పెట్టాడు. దూరలేదు. కాస్త తిప్పి నెట్టాడు. దూరలేదు. తొడగని కాలు కొన్ని వారాల్లోనే వాచి, ఆకారం మారిపోతుందని, అప్పుడు పాత గిన్నె పట్టదని ఆరోగ్యమేరి మొన్ననే ఒక ఎముకల డాక్టరును అడిగి తెలుసుకుంది. దొరసామికి మిగిలిన ముక్క చర్మం మీద ఒత్తిడి మచ్చ ఒక్కటి లేదు, పుండు అసలే లేదు. పసిపిల్లవాడి మడమలా మెత్తగా ఉంది. కదిరవన్ నుదుటి మీద చెమట పట్టింది. ఇంకా గట్టిగా నెట్టాడు. దొరసామి పళ్ళు బిగించాడు గానీ కిక్కురుమనలేదు.

"చాలు," అన్నాడు గోకులకృష్ణన్.

కదిరవన్ వినలేదో, విని వదల్లేదో, ఇంకా ఆ కాలిని సర్దుతూనే ఉన్నాడు.

గోకులకృష్ణన్ మొహంలో రంగు మారింది. కాలు లేనప్పుడు వీడు మెట్లదాకా ఎలా పోయాడు, అని తనలో తాను అనుకున్నట్టు పైకే అన్నాడు. తెలుగులో అన్నాడు. తల పని చేస్తున్నప్పుడు మనిషికి ఇంటి మాటే వస్తుంది.

ఆరోగ్యమేరి కుర్చీ దగ్గరికి జరిగింది.

"దొరసామీ, నీకు కాలు ఇయ్యలేదని అందరికీ తెలిసిపాయ. ఇంక తలకాడ అనే మాట చెప్పబాక. ఆ పొద్దు మెట్లకాడికి ఎట్ట పోతివి?"

అతను కుర్చీ అంచులు వదిలాడు. తర్వాత మాటలు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, ఎవరూ అడగకపోవడం వల్ల ఇన్నాళ్ళూ లోపల ఉండిపోయినవి.

"మాయాండన్న మోసినాడు. రోజూ మోసేది ఆయనే కదక్కా. ఆ పొద్దు ఆయనకు ఒళ్ళు బాగలేదు. నేను పాకతా పోతానంటిని, తడిలో వద్దు తంబీ అనె. పైమెట్టు కాడ కాలు జారె. నేను భయపడి మెడ పట్టుకుంటిని, గట్టిగా. ఇద్దరం పడితిమి. ఆయన కింద, నేను మీద. ఆయన తల రాతికి తగిలె." చేతులు ముందుకు చాపాడు. "ఈ చేతులు దా. నా బరువు దా. నేనే సంపితిని."

ఆరోగ్యమేరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. ఈ మనిషి మొదటిరోజు నుంచీ నిజమే చెబుతూ వచ్చాడు. చంపావా అని అడిగారు, చంపానన్నాడు. ఎలా అని ఎవరూ అడగలేదు. అడగవలసినవాడు ఎదురుగా కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు.

"మరి కాలు నీ దగ్గిరే ఉండిందని ఎందుకు చెప్తివి?" అన్నాడు గోకులకృష్ణన్. ఆయన తెలుగు కూడా మారిపోయింది, ఇంట్లో మాట్లాడే తెలుగయింది.

అలా చెప్పకపోతే జైలుకు చెడ్డపేరొస్తుందని, మిగతావాళ్ళ కర్రలు కూడా మళ్ళీ లోపలికి పోతాయని, చూపులేని ఆ పెద్దాయన మళ్ళీ గోడలు తడుముకుంటాడని చెప్పారట. మనిషే పోయాక కాలు ఎక్కడుంటే ఏమిటనిపించి సరేనన్నాడట. తలదగ్గర అని చెప్పమన్నప్పుడు మాత్రం రెండుసార్లు ఆలోచించాడట.

"పట్టీతో బిగించింది ఎవరు?" అన్నాడు గోకులకృష్ణన్.

"ఏ పట్టీ అయ్యా?"

దొరసామికి పట్టీ సంగతే తెలియదు. మాయాండి పడి చనిపోయాడనే అతను నమ్ముతున్నాడు. ఆరోగ్యమేరి కూడా ఆ ఒక్క క్షణం అలాగే నమ్మింది. పడి చచ్చిన ముసలివాడి మెడకు, కాలు ఇవ్వలేదన్న సంగతి బయటికి రాకుండా, ఎవడో తర్వాత పట్టీ చుట్టి ఉంటాడనుకుంది. అంతలో, పట్టీ బిగించేటప్పటికి ఆ మనిషి ఊపిరి తీస్తూనే ఉన్నాడన్న పోస్ట్‌మార్టం మాట గుర్తొచ్చింది. గోకులకృష్ణన్‌కు ఆమెకంటే ముందే గుర్తొచ్చినట్టుంది. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"మీరు పడినాక ఆయన మాట్లాడెనా?"

"మాట్లాడినాడయ్యా. నీళ్ళు అడిగినాడు. నన్ను ఆయన మీద నుంచి లాగి గదికి ఈడ్చుకపోతా ఉంటే, తంబీ, నీళ్ళు, అనె. ఆయనకు నీళ్ళు ఇయ్యండని నేను అరిస్తిని. ఇస్తాము, నువ్వు గమ్మునుండు అనిరి." దొరసామి అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. "కొంచేపటికి వచ్చి, చచ్చిపాయ, నువ్వు దా సంపితివి అనిరి. నీళ్ళు ఇచ్చినారో లేదో ఇప్పటికీ తెలీదక్కా."

నరసింహన్ రెండు చేతులతో టేబుల్ అంచు పట్టుకున్నాడు. గోకులకృష్ణన్ లేచాడు. చప్పుడు చేయకుండా నడిచి వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

ఆ గదిలో ఈ మాటలేవీ అర్థం కానిది ఒక్కరికే. కదిరవన్ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. పై అధికారుల ముందు పని అయ్యిందనిపించుకోవాలన్న పట్టుదలతో ఆ కాలిని ఇటు తిప్పి అటు తిప్పి నెడుతున్నాడు. వంగినప్పుడల్లా నడుముకున్న తాళాల గుత్తి నేలకు తగులుతోంది.

"నిన్ను లాగింది ఎవరు, దొరసామీ?" అంది ఆరోగ్యమేరి.

అతను నోటితో చెప్పలేదు. మోకాలి కింద మిగిలిన ఆ కాస్త కాలిని కదిరవన్ చేతుల్లోంచి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.